వోల్టేజీ 180కి పడిపోతే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఎంత పవర్ తీసుకుంటుంది?

సుమారు 612 వాట్లే తీసుకుంటుంది. పెట్టె మీద రాసిన 1000 అనేది 230 వోల్టులు అందినప్పటి లెక్క.

ఇక్కడ ఇంచుమించు మారకుండా ఉండేది వాట్లు కాదు, లోపలి కాయిల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఆ కాయిల్ చూపే అడ్డు. దాన్ని పెట్టె మీది లేబుల్ నుంచే రాబట్టవచ్చు. 1000ని 230తో భాగిస్తే కరెంటు 4.35 ఆంపియర్లు. మళ్ళీ 230ని 4.35తో భాగిస్తే రెసిస్టెన్స్ సుమారు 53 ఓమ్‌లు.

శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లె, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా లైను చివరి ఇల్లు, వేసవి సాయంత్రం స్టెబిలైజర్ ముల్లు 180 దగ్గర ఆగిందనుకోండి. 180ని 53తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. 180ని 3.4తో గుణిస్తే 612 వాట్లు. వోల్టేజీ తగ్గింది 22 శాతమే, పవర్ మాత్రం 39 శాతం పోయింది. వోల్టేజీతో పాటు కరెంటు కూడా తగ్గడమే కారణం. కాటన్ చొక్కా ముడతలు ఓ పట్టాన పోనిది అందుకే.

చాలామంది "లో వోల్టేజీలో కరెంటు ఎక్కువ లాగుతుంది, బిల్లు పెరిగిపోతుంది" అంటారు. ఇది పొలం మోటార్ల నుంచి వచ్చిన మాట, అక్కడ నిజమే కూడా: వోల్టేజీ తగ్గినా నీళ్ళు తోడాల్సిన భారం తగ్గదు, మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ కాలుతుంది. ఇస్త్రీపెట్టె, వాటర్ హీటర్ లాంటివాటికి అది వర్తించదు. బకెట్ నీళ్ళు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, యూనిట్లు మాత్రం దాదాపు అవే. ఆ అదనపు సమయంలో గాలికి పోయే వేడి ఒక్కటే కాస్త నష్టం.