తొట్టిలో ఉప్పు పెరుగుతోందంటే కారణం తగ్గినప్పుడల్లా పోసే నీరే

హనుమకొండలో 60 లీటర్ల ఉప్పునీటి తొట్టి కొత్తగా పెట్టారని, తగ్గిన నీటిని రోజూ ఉప్పు కలిపిన బోరు నీటితో నింపుతున్నా క్లౌన్ చేపలు మందకొడిగా ఉన్నాయని రాశారు. చిక్కంతా ఆ నింపడంలోనే ఉంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కనుక, మీరు పోసే ప్రతి చెంబుతోనూ తొట్టిలో ఉప్పు పేరుకుపోతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోయాలి. నీటిలో ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. అంతకు మించితే ఒక్కసారిగా దించకుండా, తొట్టి నీటిని కొద్దిగా తీసి అంతే ఆర్వో నీటిని పోస్తూ కొన్ని రోజుల్లో సరిచేయండి.

బోరు నీటిని పూర్తిగా మానడం మంచిది, అందులోని నైట్రేటు పాచిని పెంచుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో తొట్టి నీటిని 27 డిగ్రీల లోపు ఉంచడమే అసలు కష్టం. నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కాని ఆవిరీ పెరుగుతుంది కాబట్టి అద్దంపై నీటిమట్టానికి గీత పెట్టుకోండి. చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా, అంటే సాధారణంగా 4 నుంచి 6 వారాలు, ఇంకో చేపను తేకండి.