వెనక హబ్బు సీలు మళ్ళీ మళ్ళీ కారుతుంటే బేరింగుల్లో ఏం చూడాలి?

పోర్టు నుంచి బొగ్గు తోలే మీ పది చక్రాల టిప్పరుకు వెనక కుడి హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) దగ్గర ఆయిల్ కారుతోందని, ఏడాదిలో రెండుసార్లు సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే వలయం) మార్చినా ఆగలేదని, ఈసారి బేరింగులు కూడా మార్చేద్దామని మేస్త్రి అంటున్నారని రాశారు. అసలు ఎన్ని కిలోమీటర్లకొకసారి హబ్బు విప్పి గ్రీజు మార్చాలో చెప్పమని కూడా అడిగారు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా భారీ వాహనాల వెనక యాక్సిళ్ళ పని చేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. సీలు దానంతటది పాడవడం అరుదు. దాన్ని పాడుచేసేది హబ్బు లోపలో, డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మీదో ఉంటుంది. అదేమిటో తేల్చకుండా సీలుతో పాటు బేరింగులు మార్చినా ఖర్చు పెరుగుతుందే గాని కారడం ఆగదు.

మన భారీ లారీల వెనక యాక్సిళ్ళు దాదాపు అన్నీ ఫుల్ ఫ్లోటింగ్ రకానివే. అంటే యాక్సిల్ షాఫ్టు చక్రాన్ని తిప్పుతుందే తప్ప బరువు మోయదు. బరువంతా హౌసింగు (యాక్సిల్ బయటి తొడుగు) చివరి గొట్టం మీద కూర్చున్న రెండు టేపర్ రోలర్ బేరింగులదే. 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు తీసుకున్న ఈ రకం బేరింగులో రోలర్లు ఒక వైపు లావుగా, మరో వైపు సన్నగా ఉండటం వల్ల అది పైనుంచి పడే బరువునూ, మలుపుల్లో పక్కకు తోసే బలాన్నీ కలిపి మోయగలదు. అయితే లోపలి బేరింగు, బయటి బేరింగు ఎదురెదురుగా కూర్చుని ఒకే నట్టు బిగింపు మీద ఆధారపడతాయి కాబట్టి, ఆ నట్టు ఎంత బిగించామన్నదాని మీదే రెండింటి ఆయుష్షూ ఉంటుంది. 2018లో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితులను సవరించినప్పుడు వెనక జంట యాక్సిళ్ళకు 19 టన్నులు కాస్తా 21 టన్నులయింది. నాలుగు హబ్బులకు పంచితే ఒక్కొక్కదాని మీద ఐదుంబావు టన్నులు. ఇది చట్ట ప్రకారం ఎక్కించినప్పటి లెక్క. బొగ్గు వానకు తడిసిన రోజున ఎంత తూగుతుందో కాటా దగ్గర నిలబడినవారికి నేను చెప్పనక్కర లేదు.

ముందుగా కారుతున్నది ఏమిటో చూడండి. బ్రేకు డ్రమ్ము వెనక పేరుకున్న జిడ్డును రెండు వేళ్ళ మధ్య రుద్దితే చిక్కగా, పీచులా సాగితే అది హబ్బు గ్రీజు. పల్చగా జారుతూ గంధకం కలిసిన ఘాటు వాసన వేస్తే అది డిఫరెన్షియల్ ఆయిల్. మీరు రాసిన వర్ణనను బట్టి ఇది రెండోదే అనిపిస్తోంది. ఆ ఆయిల్ హౌసింగు గొట్టం గుండా వచ్చి హబ్బులో చేరి, అక్కడి గ్రీజును పల్చన చేసి, చివరికి లోపలి సీలును దాటుకుని బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది. ఈ స్థితిలో చాలామంది చూడని వస్తువు ఒకటుంది. డిఫరెన్షియల్ హౌసింగు పైన బొటనవేలంత కూడా ఉండని బ్రీదర్ అది. బండి నడిచి ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి ఆ బ్రీదర్ గుండానే బయటికి పోవాలి. మన దగ్గర బొగ్గు పొడి, ఇనుప ఖనిజం ధూళి, దానికి తోడు సముద్రపు తేమ కలిసి దాని మీద గట్టి పెచ్చు కడతాయి. దారి మూసుకుపోయిన గాలి ఆయిల్‌ను సీళ్ళ మీదికి తోస్తుంది, అప్పుడు ఎంత మంచి సీలు వేసినా నిలవదు. దాన్ని విప్పి, డీజిల్‌లో కడిగి, నోటితో ఊది చూడటానికి పది నిమిషాలు పట్టదు. డిఫరెన్షియల్‌లో ఆయిల్ మట్టం లెవెల్ బిరడా కంటే పైకి పోశారేమో కూడా ఆ చేత్తోనే చూడండి.

రెండో కారణం బేరింగులో ఆట. హబ్బు యాక్సిల్ పొడవునా లోపలికీ బయటికీ కదిలే ఆట ఎక్కువైతే సీలు పెదవి గొట్టం మీద ఒకే వలయంగా తిరగకుండా అటూఇటూ ఊగుతూ ఒక పక్కనే అరుగుతుంది. కాబట్టి పాత సీలును పారేయకుండా తుడిచి వెలుతురులో చూడండి. పెదవి చుట్టూ సమంగా అరిగితే వయసు వల్ల, ఒక పక్కనే అరిగితే ఆట వల్ల. అలాగే సీలు కూర్చునే చోట గొట్టం మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే, ఆ గాడి మీద ఎన్ని కొత్త సీళ్ళు వేసినా దండగే. కొన్ని బళ్ళకు అక్కడ మార్చుకునే ఉంగరం ఉంటుంది, దాన్ని మార్చాలి.

హబ్బు విప్పేటప్పటి జాగ్రత్త ఒకటి తప్పక చెప్పాలి. వెనక చక్రాలకు గాలి పీడనంతోనే వదిలే స్ప్రింగు బ్రేకు ఉంటుంది కాబట్టి గాలి లేకపోతే డ్రమ్ము తిరగదు. బ్రేకు ఛాంబరులోని బోల్టుతో స్ప్రింగును వెనక్కి లాగి బంధించాక బండికి బ్రేకు ఉండదన్న సంగతి గుర్తుపెట్టుకుని, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు వేసి, యాక్సిల్ కింద స్టాండు పెట్టిన తరవాతే మనిషి లోపలికి వెళ్ళాలి. జాకీ మీద నమ్మకంతో ఈ పని చేయడాన్ని నేను ఎవరి షెడ్డులోనూ ఒప్పుకోను.

విప్పిన బేరింగును డీజిల్‌లో బాగా కడిగి ఆరనివ్వండి. కంప్రెసరు గాలితో గిరగిరా తిప్పి ఆరబెట్టడం మన వైపు కుర్రాళ్ళకు సరదా, కాని గ్రీజు లేని రోలర్లు ఆ వేగంలో గీసుకుపోవడమే కాకుండా జల్లెడ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) తెగి ముఖం మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. ఆరాక కప్పు (హబ్బులో కూర్చునే బయటి వలయం) లోపలి పక్కను, ప్రతి రోలరునూ వేలితో తడుముతూ చూడండి. లోహం పెచ్చులుగా ఊడితే అలసట, లేదా మోయదగినదానికి మించిన బరువు. నీలం, గోధుమ రంగు మచ్చలుంటే వేడి, అంటే ఎక్కువ బిగింపో గ్రీజు కరువో. రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా కప్పు మీద నల్లటి అడ్డగీతలు వరసగా ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళి, బండి కదలకుండా నిలబడి ఉందన్నమాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరవాత కదలకుండా ఉండిపోయిన లారీల హబ్బులు విప్పినప్పుడు ఈ గీతలు మాకు చాలా కనిపించాయి. బయటికి మెరుస్తూ ఉన్న బేరింగు కూడా ఆ గీతల మీదుగా తిరిగేటప్పుడు చేతికి గరగరమని తగులుతుంది. వీటిలో ఏది కనిపించినా కప్పు, కోను (రోలర్లతో కూడిన లోపలి వలయం) రెండూ ఒకే సెట్టుగా మార్చాలి. పాత కప్పులో కొత్త కోను వేయడం డబ్బు మిగల్చడం కాదు. కప్పు హబ్బులో వదులై తిరిగిన జాడ ఉంటే హబ్బునే మార్చాలి. పంచ్ కొట్టి గుంటలు పెట్టి కప్పును బిగువు చేసే పద్ధతికి నేను ఒప్పుకోను. ఇవేవీ లేకపోతే ఆ బేరింగును మార్చవలసిన పని లేదు, మీ మేస్త్రి ఏమన్నా సరే.

గ్రీజు పెట్టడం చిన్న పనే గాని అందులోనే ఎక్కువ తేడా వస్తుంది. అరచేతిలో గుప్పెడు గ్రీజు వేసుకుని, కోను లావు అంచును దానిలోకి గుచ్చుతూ మడమ వైపు లాగాలి. సన్నటి అంచు దగ్గర రోలర్ల సందుల్లోంచి గ్రీజు సేమియాలా పైకి పొడుచుకు వచ్చేదాకా అదే చోట నొక్కి, తరవాత కాస్త తిప్పి మళ్ళీ అలాగే చేస్తూ చుట్టూ పూర్తి చేయాలి. పైపైన పూస్తే జల్లెడ లోపల పొడిగా ఉండిపోతుంది. హబ్బు ఖాళీని మాత్రం నిండా కూరకూడదు. కప్పుల మట్టం వరకు పూత వేస్తే చాలు, ఎక్కువైన గ్రీజు లోపల చిలకబడి వేడెక్కుతుంది, సీలును తోస్తుంది. అనంతగిరి ఘాట్ దిగే బళ్ళకు డ్రమ్ముల వేడి హబ్బుకు ఎక్కుతుంది కాబట్టి లిథియం కాంప్లెక్స్ రకం వాడమంటాను. మామూలు లిథియం గ్రీజు 180 నుంచి 190 డిగ్రీల దగ్గర కరిగి కారుతుంది, కాంప్లెక్స్ రకం 250 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. రెండు రకాలు కలపవద్దు, పాతదంతా తీసేశాకే కొత్తది పెట్టండి.

ఇక నట్టు బిగింపు. చేతి అంచనాతో బిగించే మేస్త్రులలో నిజంగా చెయ్యి తిరిగినవారున్నారు, వారి మీద నాకు గౌరవమే. అయినా కావలసిన ఆట 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉంటుందని అమెరికాలో లారీల నిర్వహణ నిపుణులు పాటించే పద్ధతి చెబుతోంది. వెంట్రుక మందమంత ఆ తేడాను టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తి చూసి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. వారి పద్ధతిలో హబ్బును తిప్పుతూనే లోపలి నట్టును 271 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు, ఒక చుట్టు పూర్తిగా వదులు చేస్తారు, మళ్ళీ తిప్పుతూ 68కి బిగిస్తారు, తరవాత సుమారు పావు చుట్టు వెనక్కి తిప్పి లాక్ వాషరు, లాక్ నట్టు వేస్తారు. తిప్పుతూ బిగించడం ఎందుకంటే, అప్పుడే రోలర్లు కోను లావు అంచుకున్న గట్టుకు ఆనుకుని సరిగ్గా సర్దుకుంటాయి. నిలబెట్టి బిగిస్తే చేతికి గట్టిగా తగిలిన బిగింపు బండి నడిచాక వదులవుతుంది. మీ బండి అంకెలు కంపెనీ మాన్యువల్‌లో వేరుగా ఉంటే వాటినే పాటించండి. లాక్ నట్టు బిగించాక ఆట తగ్గుతుంది కాబట్టి, డయల్ గేజిని (సన్నటి కదలికను ముల్లుతో కొలిచే సాధనం) హబ్బు మీద నిలిపి, దాని ముల్లును గొట్టం చివర ఆనించి, చివరి కొలత అప్పుడే తీయాలి. గేజి వెల ఒక బేరింగు సెట్టు వెల కంటే తక్కువే. గాలితో నట్లు బిగించే ఇంపాక్ట్ గన్నును ఈ నట్టు దగ్గరికి రానివ్వవద్దు.

కిలోమీటర్ల సంగతికి వస్తే, మాన్యువల్‌లో రాసిన అంకె హైవే మీద నిలకడగా నడిచే బండికి సరిపోతుంది. షీలానగర్, పోర్టు యార్డుల మధ్య తక్కువ దూరాలు తిరుగుతూ, రోజూ బొగ్గు దుమ్ములో మునిగి, సాయంత్రం ప్రెజర్ నీళ్ళతో కడిగించుకునే బండికి ఆ అంకె ఎక్కువ. వేడిగా ఉన్న హబ్బు మీద చన్నీళ్ళు పడగానే లోపలి గాలి సంకోచించి సీలు పక్క నుంచి నీటిని పీలుస్తుంది. అందుకే ఆ బండిని అరగంట చల్లారనిచ్చి కడగమని, నీటి ధారను సీలు వైపు కొట్టవద్దని క్లీనరుకు చెప్పండి. ఇలాంటి బళ్ళకు బ్రేకు లైనర్లు మార్చే ప్రతిసారీ హబ్బు కూడా విప్పి చూడమంటాను, డ్రమ్ము ఎలాగూ ఊడుతుంది కదా. హబ్బు మునిగేంత నీటిలో బండి నిలబడితే మాత్రం కిలోమీటర్లతో పని లేకుండా వెంటనే విప్పాలి.

మీ కుడి హబ్బుకు నేనైతే ఈ వరసలో పోతాను. బ్రీదర్, ఆయిల్ మట్టం చూస్తాను. విప్పే ముందే గేజితో ఆట కొలుస్తాను, ఎందుకంటే విప్పాక ఆ సాక్ష్యం పోతుంది. గొట్టం మీద గాడి, పాత సీలు అరుగుదల చూసి, బేరింగును కడిగి పరీక్షించాకే మార్చాలా వద్దా తేలుస్తాను. ఆయిల్ తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి తిరిగి వాడకుండా, అదే యాక్సిల్‌కు రెండు వైపులా మారుస్తాను, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. పని అయ్యాక బండి లోడుతో ఒక ట్రిప్పు వేసి రాగానే, ఎక్కువ బ్రేకు వాడని దారిలో ఆపి, ఎడమ, కుడి హబ్బుల మీద వేడిని కొలిచి పోల్చండి. డ్రమ్ము మీద కాదు, హబ్బు మీద. రెండూ దాదాపు ఒకేలా ఉంటే పని సరిగ్గా కుదిరినట్టే. కుడిది స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే బిగింపు ఎక్కువైందన్నమాట, మరో ట్రిప్పు వేయకుండా తిరిగి విప్పించండి.