లేడీ జేన్ గ్రే జీవితం చారిత్రక నవలకు అంతగా ఒదగడానికి కారణమేమిటి?

ఇంగ్లండు రాజు ఆరవ ఎడ్వర్డ్ వ్యాధిగ్రస్తుడై ఉండగా, వారసత్వ పత్రంలో ‘జేన్ మగసంతానం’ అన్న మాటను ‘జేన్, ఆమె మగసంతానం’ అని దిద్దాడు. ఎడ్వర్డ్ సవతి అక్కలు మేరీ, ఎలిజబెత్‌లను పక్కన పెట్టి, అతని బంధువైన జేన్‌ను సింహాసనానికి చేర్చింది ఆ చిన్న దిద్దుబాటే. అప్పటికే, 1553 మేలో, పాలనను నడిపిస్తున్న నార్తంబర్లాండ్ డ్యూక్ తన కుమారుడు గిల్ఫర్డ్‌తో ఆమెకు పెళ్లి జరిపించాడు. జూలై 10న ఆమెను రాణిగా ప్రకటించిన మంత్రిమండలే 19న మేరీ పక్షం వహించింది. ఆమె తండ్రి, మేరీకి వ్యతిరేకంగా లేచిన వయట్ తిరుగుబాటులో చేరడంతో, 1554 ఫిబ్రవరి 12న ఆమె తల నరికారు. అయితే ఆమెను కేవలం నిస్సహాయురాలిగా చిత్రించడం, నా దృష్టిలో, అన్యాయమే: గ్రీకు, లాటిన్ చదువుకున్న ఆ యువతి, అత్తింటివారు ఎంత ఒత్తిడి చేసినా, భర్తను రాజుగా చేయడానికి అంగీకరించలేదు.