కార్బొరేటర్ జిప్సీలో ఎస్టీమ్ ఇంజన్: వైరింగ్ ఎటు నుంచి లాగాలి?

కార్బొరేటర్ ఉన్న మారుతి జిప్సీ కింగ్‌లోకి ఎస్టీమ్ కారు ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది) దించారు, దాంతో వచ్చిన వైరింగ్ కొన్నిచోట్ల అందడం లేదు, కొన్నిచోట్ల మిగిలిపోతోంది, ఎటు నుంచి లాగాలి అని కదా మీ ప్రశ్న. ఇదే పని నేను నాలుగేళ్ల కిందట విజయవాడలో చేశాను. రెండుసార్లు చేశాను, ఎందుకంటే మొదటిసారి చెడగొట్టాను.

పొడవులు కుదరకపోవడం మామూలే. ఎస్టీమ్‌లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, జిప్సీలో నిలువుగా, అంటే బండి పొడవు వెంబడి. కంగారుపడి కట్టర్ పట్టుకోకండి. పాత టేపంతా విప్పేసి, కనెక్టర్లన్నీ వాటి చోట్లలో పెట్టి, వైర్లను పురికొసతో వదులుగా కట్టి చూడండి. అందనివి అనుకున్న వాటిలో సగం దారి మారిస్తే అందుతాయి.

ఇక నేను చేసిన తప్పు. వైర్ల కట్ట మొత్తాన్ని ఇంజన్ పక్క నుంచి నేరుగా మడ్‌గార్డ్ లోపలి రేకు మీదికి తెచ్చి, ప్లాస్టిక్ ట్యాగ్‌లతో బిగించాను. ఆటోనగర్‌లో చూసినవాళ్లు కంపెనీ ఫిట్టింగ్‌లా ఉందన్నారు, నేనూ పొంగిపోయాను. మూడు వారాలకు ఘాట్ రోడ్డులో ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే బండి ఆగిపోవడం మొదలైంది. స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంటుంది, ఐడ్లింగ్‌లో గంటసేపైనా ఆగదు. అనవసరంగా పెట్రోల్ పంపు కూడా మార్చాను. చివరికి ఇంజన్ ఆన్‌లో ఉండగా కట్టను చేత్తో అటూ ఇటూ కదిపితే, మొదటి ట్యాగ్ దగ్గర టక్కున ఆగింది. ఇంజెక్టర్లకు 12 వోల్టులు తీసుకెళ్లే వైరు అది. పైన తొడుగుకు గీత కూడా పడలేదు. వేళ్లతో లాగితే ఆ ఒక్క అంగుళం రబ్బరులా సాగింది, లోపల రాగి తెగిపోయి ఉంది.

నిలువు ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా రబ్బరు మౌంటింగ్‌ల మీద పక్కకు ఒరుగుతుంది. పక్క రేకుకు బిగించి కడితే ఆ లాగుడంతా వైర్ల మీదే పడుతుంది. అందుకే రెండోసారి కట్టను ఇంజన్ వెనక నుంచి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి వెళ్లే వేడి గొట్టాలు) లేని వైపున ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడకు తీసుకెళ్లాను. ఇంజన్ మీద ఒక క్లాంపు, బాడీ మీద ఒకటి, మధ్యలో జానెడు వదులు. ఆ వదులు భాగం దేనికీ రాసుకోకూడదు. ఫైర్‌వాల్ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచు వైర్లను కోయకుండా వేసే రింగు) తప్పనిసరి. లోపలికి వెళ్లే ముందు కట్టను కాస్త కిందికి వంచండి, నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీఎం దాకా రావు. జిప్సీని వాగులో దింపకుండా ఉండరు కదా!

నిజంగా అందని వైర్లకు అదే మందం వైరు కలపండి. జాయింట్లన్నీ ఒకేచోట వస్తే ముద్దవుతుంది, నాలుగేసి అంగుళాల ఎడంతో వేయండి. కదిలే భాగంలో మాత్రం జాయింట్ వద్దు, సోల్డర్ వేసినచోట వైరు బిరుసెక్కి దాని అంచునే విరుగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ సొంత వైర్లను కోయకండి, చాలా సెన్సర్లు ఆ వైర్ల సందుల్లోంచే బయటి గాలి తీసుకుంటాయి. పొడవు కావాలంటే కనెక్టర్‌కు ఇవతల, వైర్ల కట్ట వైపు కలపండి.

ఎర్త్ మర్చిపోకండి. ఇంజన్ రబ్బరు మీద కూర్చుంటుంది కాబట్టి బ్లాకు నుంచి ఛాసిస్‌కు, బ్యాటరీ మైనస్‌కు లావుపాటి ఎర్త్ కేబుల్ ఉండాలి. నేను బ్లాకు ఎర్త్ కేబుళ్లు బిగించకుండానే సెల్ఫ్ కొట్టాను. స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంది, కేబుల్ తొడుగు పొగలు కక్కింది.

వారం రోజులు తిరిగి, ఏదీ రాసుకోవడం లేదని చూసుకున్నాకే టేపు చుట్టండి. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీఓలో అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, అది కొత్త ఇంజన్ బండిలో పెట్టకముందే చేయాల్సిన పని. ఇంకా చేయకపోతే ముందు అక్కడికి వెళ్లి రండి.