తమ్ముడి బ్యాగులో సిరంజిలు దొరికాయి, పారేయాలా?

మీ తమ్ముడి బ్యాగులో సిరంజిలు దొరికాయనీ, నిలదీస్తే ఫ్రెండ్స్‌తో కలిసి నరానికి మత్తు ఇంజక్షన్ చేసుకుంటున్నట్టు ఒప్పుకున్నాడనీ, వాటిని పారేయాలా వద్దా, గుంటూరులో ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి అనీ అడిగారు. పారేయకండి. నేను పారేశాను కాబట్టి చెబుతున్నాను.

మాది విజయవాడ వన్‌టౌన్. మా పిన్ని కొడుకు డిగ్రీ చదువుకి మా ఇంట్లోనే ఉండేవాడు. ఒకరోజు బీరువా మీద కవర్లో ఏడెనిమిది సిరంజిలు కనబడ్డాయి, ప్లాస్టిక్ కూడా చింపని కొత్తవి. వాణ్ని రెండు పీకి, ఆ కవరు తీసుకెళ్ళి ఏలూరు కాలువలో విసిరేసి (అదింకో తెలివితక్కువ పని), ఏదో సాధించినట్టు ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆ సాయంత్రం వాడు మానలేదు. పక్కవాడి సిరంజి నీళ్ళతో కడిగి చేసుకున్నాడు. ఈ సంగతి ఏడాది తర్వాత వాడే చెబితే తెలిసింది, అప్పటికి హెపటైటిస్ సి (కాలేయాన్ని పాడుచేసే వైరస్) పాజిటివ్ అని రిపోర్టు చేతిలో ఉంది. ఆ రోజే అంటుకుందని చెప్పలేను గానీ, ఆ కవరు మాత్రం ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది.

మీవాడు "నా సూది నాదే అక్కా, ఎవరికీ ఇవ్వను" అంటే అక్కడితో నమ్మేసి ఊరుకోకండి. మావాడూ మొదట అదే అన్నాడు, చాలా రోజులు అది నిజమే కూడా. కానీ మందు కలిపే చెంచా ఒకటే, వడకట్టే దూది ఒకటే, సిరంజి కడిగే గ్లాసులో నీళ్ళు అందరివీ. కంటికి కనబడనంత రక్తం చాలు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ ఈ దారిలో వస్తాయి, అందులో సి మరీ మొండిది, ల్యాబులో చూస్తే సిరంజిలో మిగిలిన రక్తంలో 63 రోజుల దాకా బతికే ఉందట. గాలి తగిలితే చచ్చిపోతుంది, నీళ్ళతో రెండుసార్లు కడిగితే పోతుంది అన్న మాటలు పట్టించుకోకండి. బ్లీచింగ్‌తో కడిగినా పాత సూది కొత్తది కాదు. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి, ఎవరి నీళ్ళు, చెంచా, దూది వాళ్ళవే ఉండాలి. వాడినవి మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయించండి, లేకపోతే చెత్త తీసేవాళ్ళ చేతుల్లో గుచ్చుకుంటాయి.

చేతులు కూడా చూడండి. మింగడానికి తయారుచేసిన మాత్రని నూరి నరంలోకి ఎక్కిస్తే అందులోని పిండి, టాల్క్ కరగవు, ఎంత వడకట్టినా పూర్తిగా పోవు, నరాలు పాడవుతాయి. చర్మం మీద క్రిములు లోపలికి వెళితే చీముగడ్డ లేస్తుంది. మావాడికి మోచేతి మడతలో నిమ్మకాయంత లేస్తే ఇంట్లోనే పిండాడు, తర్వాత చలిజ్వరం. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళితే ఆ డాక్టరు చెయ్యి చూసి "ఇలాంటి కేసులు మేం చూడం" అని పంపేశాడు. ఇంజక్షన్లు చేసుకునేవాడికి చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకూడదు, క్రిములు రక్తంలో కలిసి గుండె కవాటాలకి పట్టే ప్రమాదం ఉంది. గజ్జల్లో, మెడలో గుచ్చుకోవద్దని గట్టిగా చెప్పండి.

టెస్టుల కోసం మేం గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రి) వెళ్ళాం, విజయవాడలో అయితే కారిడార్‌లోనే ముగ్గురు చుట్టాలు తగులుతారని. మీరు కావాలంటే ఇటు విజయవాడ రండి! ప్రభుత్వాసుపత్రుల్లో ఉండే ఐసీటీసీలో (హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష ఉచితం, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అడిగి చేయించండి. ఇప్పుడు నెగటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్ళీ చేయించాలి. బి లేదంటే టీకా వేయించండి. సి ఉన్నా కుంగిపోవద్దు, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. మావాడు సోఫోస్‌బువిర్, డాక్లాటస్‌విర్ 12 వారాలు వాడాడు, తగ్గిపోయింది. మళ్ళీ షేర్ చేసుకుంటే మళ్ళీ వస్తుంది, ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాం.

నల్లమందు జాతి మత్తు అయితే నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్‌తో చికిత్స ఉంది. ఎక్కడ దొరుకుతుందో 1097కి (హెచ్ఐవీ హెల్ప్‌లైన్) గానీ 14446కి (మత్తు మాన్పించే హెల్ప్‌లైన్) గానీ ఫోన్ చేసి అడగండి. పోలీసుల టెన్షన్ మాకూ ఉండేది, కానీ తనంతట తాను చికిత్సకి వచ్చి పూర్తి చేసినవాడికి, వాడకం కేసుల్లో ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

గదిలో పెట్టి తాళం వేయడం మాత్రం చేయకండి. కొన్నాళ్ళు ఆపి మళ్ళీ పాత మోతాదే ఎక్కిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. పెదాలు నీలంగా మారి, పిలిస్తే పలకకపోతే 108కి చేసి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఈ రాత్రి వాడితో కూర్చున్నప్పుడు ఎవడు నేర్పాడు, డబ్బులెక్కడివి అన్న ఆరాలు తర్వాత. ముందు ఒకటి అడగండి, చివరిసారి ఇంకొకరి సూది వాడింది ఎప్పుడు అని. 72 గంటలు దాటకపోతే హెచ్ఐవీ రాకుండా 28 రోజుల మందులు మొదలుపెట్టొచ్చు, ఎంత ముందైతే అంత మంచిది. తెల్లారేదాకా ఆగకుండా జీజీహెచ్ క్యాజువాల్టీకి బయల్దేరండి.