కుట్టుమిషన్ల కంటే ముందు తూకం

ప్రశ్న: విశ్రాంత ఉద్యోగులం కొందరం కలిసి ఏటా నల్లమల అడవిలోని పెంటల్లో (చెంచుల చిన్న ఆవాసాల్లో) ఉండే చెంచు కుటుంబాలకు బియ్యం, దుప్పట్లు పంచుతున్నాము. ఎన్నేళ్లు ఇచ్చినా వారి పరిస్థితి మారడం లేదు. ఈసారి విరాళాలతో కుట్టుమిషన్లు కొనిచ్చి, వారిని సొంత కాళ్లపై నిలబెట్టాలనుకుంటున్నాము. ఈ ఆలోచన సరైనదేనా?
— ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: సంకల్పం మంచిదే. అయితే, కొద్దిపాటి గడపలున్న పెంటలో బట్టలు కుట్టించుకునేవారు ఎందరుంటారో, మిషను చెడిపోతే బాగుచేసేవారు ఎంత దూరంలో ఉన్నారో ముందు ఆలోచించండి. బావమరిది పైన తాడు పట్టుకోగా కొండచరియకు వేలాడుతూ తేనె దించగలిగిన వారికి మనం కొత్త వృత్తి నేర్పనక్కరలేదు. ఆ తేనె, తపసి చెట్టు జిగురు, కుంకుడుకాయలు చేతులు మారే చోటే వారు నష్టపోతున్నారు. ముందుగా అప్పు వాడుకున్న కుటుంబం, సరుకును అప్పిచ్చినవాడికే, అతడు చెప్పిన ధరకే, అతని తక్కెడలోనే తూచి ఇవ్వవలసి వస్తుంది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ అప్పిచ్చినవాడి పట్టును తప్పించడానికే ఏర్పడినా, ఆ సంస్థ డిపో దాకా సరుకు చేరకముందే బేరం ముగిసిపోయే చోట దానివల్ల ఒరిగేది తక్కువే.

కాబట్టి మీ డబ్బుతో మొదట పెంట మహిళా సంఘం చేతికి ఒక మంచి కాటా, మూత బిగుతుగా పట్టే స్టీలు క్యాన్లు, వడకట్టే గుడ్డలు ఇవ్వండి. తేనెపట్టును పిల్లపురుగులతో సహా చేత్తో పిండితే తేనె త్వరగా పాడవుతుంది. తేనె గదులున్న భాగాన్ని మాత్రమే కోసి, దానంతట అది కారేలా వడకడితే సరుకు నిలుస్తుంది, పట్టూ మిగులుతుంది. తేమ 20 శాతం దాటిన తేనెకు ఆహార ప్రమాణాల పరీక్షలో చోటుండదు కనుక, తేమ కొలిచే చిన్న పరికరం కూడా సంఘం దగ్గర ఉంటే ధర అడిగే ధైర్యం వస్తుంది.

ఇక మీరే స్వయంగా చేయవలసిన పని మరొకటి ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకొని అమ్ముకునే హక్కును ఇచ్చింది; చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కును (తరతరాలుగా బతుకుతున్న ప్రాంతంపై సమూహానికి ఉండే హక్కును) సైతం గుర్తించింది. దరఖాస్తు గ్రామసభలో మొదలై, డివిజను కమిటీ మీదుగా జిల్లా కమిటీకి చేరాలి. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిందో కనిపెట్టడంలో విశ్రాంత ఉద్యోగులను మించినవారు ఎవరుంటారు! మన్ననూరులోని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయానికి వారి వెంట మీలో ఒకరు వెళ్లండి, కానీ మాట్లాడే అవకాశం వారికే ఇవ్వండి. అడ్వాన్సు పేరుతో ఎవరినైనా పనికి కట్టిపడేసి ఉంటే, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ వెట్టి బాకీ చెల్లదని చెప్పి, ఆర్డీఓకు ఫిర్యాదు రాయించండి.

బియ్యం పంపిణీని మాత్రం ఒక్కసారిగా ఆపకండి. వానాకాలంలో సేకరణ తగ్గి అప్పు కోసం చేయి చాపవలసిన నెలలకు దాన్ని మార్చండి.