సంతకు దోస్తులను తెస్తున్న అల్లుడికి

అల్లుడూ,

హైదరాబాద్ నుంచి దోస్తులను పెబ్బేరు పశువుల సంతకు తెస్తానన్నావు. సంతోషమే. కానీ శనివారం పొద్దున టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరకండి. హైవే ఎంత బాగున్నా మీరు దిగేసరికి పేడ, చాయ్ కప్పులే మిగులుతాయి. శుక్రవారం రాత్రికే దగ్గర్లోని వనపర్తి చేరుకోండి. జూన్‌లో మిర్గం, అదే మృగశిర కార్తె, ముందు శనివారాలు మాత్రం వద్దు. దుక్కులకు ఎడ్లు కొనేవాళ్లతో ఇసుకేస్తే రాలదు.

పట్నంవాళ్లు ముందు ఎగబడేది తువ్వాల బేరం మీదికే. తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకోవడం వాళ్లకు వింత, మాకు గుట్టు. ఒక జత ధర పైకి వినబడితే పక్కనున్న జతల బేరం కూడా చెడుతుంది. అందుకే కొనే ఆలోచన లేకుండా "ఎంతకిస్తావ్ పెద్దాయనా" అని సరదాకైనా అడగొద్దను.

అమ్మే రైతు ఫొటో అసలే వద్దు. ఎడ్లు అమ్ముతున్నాడంటే అప్పులపాలయ్యాడని ఊరు అనుకుంటుంది. ఆ ఫొటో వాట్సాప్‌లో వియ్యంకుడి దాకా పోతే ఎంత నామోషీ! కొన్నవాడిని అడుగు, మీసం దువ్వి మరీ నిలబడతాడు.

ఎద్దు నోరు తెరిచి వయసు చూసేటప్పుడు కాస్త ఎడంగా నిలబడి చూడమను. పాలపళ్లు ఊడి 2 పెద్ద పళ్లొస్తే రెండేళ్లు దాటినట్టు. 8 వచ్చాయంటే నాలుగైదేళ్లది. ఆ తర్వాత అరుగుదలే లెక్క, తగాదాలన్నీ అక్కడే. పైదవడకు ముందు పళ్లే ఉండవని చూసి మీవాళ్లు నోరెళ్లబెడతారు. ఎండగా ఉందని పశువు పక్కన గొడుగు మాత్రం తెరవొద్దు, బెదిరితే ఆపడం ఎవరి తరమూ కాదు.

"సంస్థానం కాలం నాటి సంత, ఇట్లాగే ఉంచాలి" అని వ్యాపారుల ముందు అననీయకు. వాళ్లకు కావాల్సింది నీడకు షెడ్డు, నీళ్ల తొట్టి, పశువులను లారీ ఎక్కించడానికి దిమ్మె. ట్రాక్టర్లొచ్చి దుక్కిటెడ్లకు గిరాకీ తగ్గిందన్న దిగులులో ఉన్నవాడికి పాతకాలపు అందం గురించి చెబితే ఒళ్లు మండుతుంది.

పగ్గాలు, గజ్జెలు, చెర్నాకోలలు అమ్మేవాళ్ల దగ్గర ఎంతసేపైనా నిలబడండి, బేరమాడండి, ఏదో ఒకటి కొనండి. చెర్నాకోల ఫ్లాట్ గోడకు ఎందుకు వేలాడదీస్తారో నాకైతే అర్థం కాదు. అమ్మినవాడికి మాత్రం బోణీ. చిల్లర తెచ్చుకోమను.

మీ మామ